వీడియో చెప్పనీ, మీరు చేతుల్ని చూడండి

(తిరుపతిలో ఐటీఐ, పాలిటెక్నిక్ అధ్యాపకులకు, ఫ్యాక్టరీల శిక్షణ విభాగాల వారికి ఏర్పాటైన సదస్సులో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు మార్చకుండా, కొద్దిగా కుదించి రాసినది.)

అందరికీ నమస్కారం. ముందుగా మిమ్మల్నే ఒక మాట అడుగుతా. మీ కాలేజీలో ప్రొజెక్టర్ ఎక్కడుంది? (సభలోంచి: "సెమినార్ హాల్లో.") వర్క్‌షాపు ఎక్కడుంది? ("వెనకాల షెడ్డులో.") అదీ సంగతి. సోమవారం హాల్లో లైట్లార్పి తరగతి మొత్తానికీ వీడియో వేస్తాం. గురువారం షెడ్డులో ప్రాక్టికల్ పెడతాం. ఈలోగా ఆ వీడియో పిల్లోళ్ళ బుర్రలోంచి ఎప్పుడో జారిపోయి ఉంటుంది. బెంచి దగ్గర నిలబడి, "సార్, ఈ కేబుల్ యాడ పెట్టాలా?" అని మళ్ళీ మొదటినుంచి అడుగుతాడు. "మొన్ననే గదరా చూపించింది!" అని మనం కసురుకుంటాం. చూపించిన మాట నిజమే. నేర్పింది మాత్రం ఇంకా మొదలు కాలేదు.

వీడియో మంచిదా, చేత్తో చేయించడం మంచిదా అని మొన్నామధ్య ఒక సమావేశంలో పెద్ద వాదనే నడిచింది. నాకు ఆ వాదనలో రుచి లేదు. రెండూ ఒకే బెంచి మీద, ఒకే నిమిషంలో జరగాలి. అట్లా జరిగితే నేర్పేవాడికి ఒక లాభం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. చెప్పే పని వీడియో తీసుకుంటే మన నోటికి విశ్రాంతి. నోటికి విశ్రాంతి దొరికితే కళ్ళకి పని దొరుకుతుంది. ఈ గంటంతా నేను దీని చుట్టూనే తిరుగుతా.

ముందు మన ఊరి సంగతి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా విడిగా ఏర్పడింది. ఈ జిల్లా చుట్టుపక్కల ఏమేం బిగిస్తున్నారో చూడండి. రేణిగుంట దగ్గర టీవీలు, వికృతమాలలో టీవీ ప్యానెళ్ళు, శ్రీసిటీలో ఫోన్లు, ఏసీలు, ఆల్‌స్టామ్ వాళ్ళ మెట్రో రైలు పెట్టెలు, కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు. సత్యవేడు వైపు వెళ్తే మోటార్ సైకిళ్ళు. పొద్దున్నే సూళ్ళూరుపేట రోడ్డు మీద నిలబడితే కంపెనీ బస్సులు వరసగా పోతా ఉంటాయి, ఎక్కువగా ఆడపిల్లలే. వాళ్ళలో చాలామంది చేసే పని డిజైన్ కాదు, రిపేరు కూడా కాదు. బిగించడం. ఒక స్టేషన్ దగ్గర నిలబడి, వచ్చిన ముక్కను ముందున్న ముక్కకు సరిగ్గా తగిలించి పక్కకు పంపడం. మన ఐటీఐలో ఎలక్ట్రానిక్ మెకానిక్ ట్రేడ్ రెండేళ్ళు. ఓమ్ సూత్రం దగ్గర్నుంచి మైక్రోకంట్రోలర్ దాకా చెప్తాం. లైన్ మీదికి పోయిన మొదటిరోజు వాడికి కావాల్సింది స్క్రూ సరిగ్గా పట్టడం. దాన్ని పాఠం కింద ఎవరూ లెక్కపెట్టరు. "అది ఎవరికైనా వస్తుంది" అంటారు. రాదు.

ఎందుకు రాదో ఒక స్టేషన్ తీసుకుని విప్పి చూద్దాం. టీవీ వెనకవైపు మెయిన్ బోర్డు పెట్టే స్టేషన్. బోర్డు తీసుకోవాలి, పిన్నుల మీద కూర్చోబెట్టాలి, ప్యానెల్ నుంచి వచ్చే ఫ్లాట్ కేబుల్ కనెక్టర్‌లోకి తోయాలి, లాక్ దించాలి, నాలుగు స్క్రూలు బిగించాలి. చెప్తే ఇంతే. చెయ్యబోతే ఇందులో మూడు రకాల తెలివి ఉంది. ఏది ముందు, ఏది తర్వాత అనేది ఒకటి. ఏ వైపు తిప్పి, ఏ కోణంలో పెట్టాలనేది రెండోది. ఎంత బలం పెట్టాలి, ఎక్కడ ఆపాలి అనేది మూడోది.

మొదటి రెండూ వీడియో బ్రహ్మాండంగా చెప్తుంది. కాగితం మీది బొమ్మకంటే బాగా చెప్తుంది, నాకంటే కూడా బాగా చెప్తుంది, ఎందుకంటే నేను మూడో బ్యాచికొచ్చేసరికి విసుగొచ్చి రెండు మెట్లు మింగేస్తా. వీడియో మింగదు. మూడోది మాత్రం తెరలోంచి రాదు. ఎం3 స్క్రూ, అంటే మూడు ఎంఎం లావుది, తీసుకోండి. ప్లాస్టిక్ బాస్‌లోకి, అంటే స్క్రూ దిగే గొట్టంలాంటి దిమ్మెలోకి, పోయే ఎం3కి సుమారుగా అర న్యూటన్ మీటరు టార్క్ (తిప్పే బలం), మన షాపు లెక్కలో ఐదు కేజీఎఫ్ సెంటీమీటర్లు, అనుకుందాం. ఆ ఐదుకీ ఎనిమిదికీ వీడియోలో తేడా కనబడుతుందా? స్క్రూ తల రెండిట్లోనూ ఒకేలా కూర్చుంటుంది. ఎనిమిది పెట్టినవాడి ప్లాస్టిక్ బాస్ లోపల వెంట్రుకంత చీలి ఉంటుంది. అది ఆ రోజు తెలీదు. కొన్నవాళ్ళ ఇంట్లో ఆరు నెలల తర్వాత వెనకమూత కదలడం మొదలుపెడుతుంది.

ఇంకొక చిన్న కిటుకు. ఒకసారి విప్పిన ప్లాస్టిక్ రంధ్రంలో స్క్రూ మళ్ళీ బిగించేటప్పుడు, పాత పనివాళ్ళు మొదట వెనక్కి తిప్పుతారు. తిప్పుతా ఉంటే ఒకచోట 'టక్' అని కిందికి దిగుతుంది. అంటే పాత మర దారి దొరికింది. అక్కణ్ణుంచి ముందుకు బిగిస్తారు. అట్లా చెయ్యనివాడు ప్రతిసారీ కొత్త మర కోస్తాడు, రెండు మూడుసార్లకి రంధ్రం పని అయిపోతుంది. ఈ 'టక్' వీడియోలో వినబడదు, కనబడదు. వేళ్ళకే తెలుస్తుంది. అయితే వీడియో ఒక పని చెయ్యగలదు. 'ఇక్కడ వెనక్కి తిప్పు, వేళ్ళకి ఒక చిన్న దెబ్బ తగులుతుంది, అది తగిలేదాకా ఆగు' అని చెప్పి, ఆగిపోగలదు. చెయ్యి వెతుక్కోవాల్సింది ఏమిటో ముందే చెప్పడమన్నమాట. ఏం వెతకాలో తెలిసిన చెయ్యి తొందరగా దొరకబుచ్చుకుంటుంది.

ఫ్లాట్ కేబుల్ సంగతి కూడా అంతే. ముందు ఫ్లాప్, అంటే కనెక్టర్ మీది ఆ లాక్ మూత, లేపాలి, కేబుల్ నేరుగా లోపలికి పోవాలి, తర్వాత ఫ్లాప్ దించాలి. ఫ్లాప్ లేపకుండా తోసేవాళ్ళు కొందరు, గోరుతో లేపబోయి విరగ్గొట్టేవాళ్ళు కొందరు. కేబుల్ మీద ఒక తెల్లగీత ఉంటే అది కనెక్టర్ అంచుకి సమాంతరంగా ఉందో లేదో చూసుకోవాలి. వెంట్రుకవాసి వంకరైనా తెర మీద గీతలొస్తాయి, లేదా బొమ్మే రాదు. ఇక మన ఒంట్లో పేరుకునే స్టాటిక్ చార్జి ఉందే, అది మరీ అన్యాయం. సుమారు 3000 వోల్టులు దాటితేగానీ మన ఒంటికి చురుక్కుమనదు. బోర్డు మీది చిప్పులు, అదే ఐసీలు, కొన్ని 100 వోల్టులకే చచ్చిపోతాయి. అంటే చెయ్యికి తెలిసేలోపే బోర్డు పోయింది. ఇక్కడ చెయ్యి అనుభవం పనికిరాదు, నియమమే పనికొస్తుంది: ఆ చార్జిని భూమిలోకి దించే రిస్ట్ స్ట్రాప్ మణికట్టుకి కట్టు, తర్వాతే బోర్డు ముట్టుకో. స్ట్రాప్‌లో ఒక మెగా ఓమ్ రెసిస్టర్ ఎందుకుందో కూడా చెప్పండి, పొరపాటున కరెంటు తగిలితే మనిషి గుండా ఎక్కువ పారకుండా కాపాడేది అదే. కారణం తెలిస్తే కట్టుకుంటారు. తెలీకపోతే సూపర్‌వైజర్ కనబడినప్పుడే కట్టుకుంటారు.

సరే, ఇప్పుడు ఒక పరిశోధన గురించి. 2018లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన మైఖేల్ కార్డాస్, ఎడ్ ఓబ్రియన్ ఇద్దరూ కలిసి ఒక వ్యాసం ప్రచురించారు. వాళ్ళు అడిగిన ప్రశ్న చాలా మామూలుది. ఒక పనిని మళ్ళీ మళ్ళీ చూస్తే ఏమవుతుంది? బాణం ముల్లు బోర్డు మీదికి విసిరే డార్ట్స్ ఆట వీడియోని కొందరికి ఒకసారి చూపించారు, కొందరికి 20 సార్లు చూపించారు. 20 సార్లు చూసినవాళ్ళు "మేం బాగా విసరగలం" అన్నారు, ఒకసారి చూసినవాళ్ళకంటే గట్టిగా అన్నారు. విసిరితే? ఇద్దరూ ఒకటే. నమ్మకం పెరిగింది, చెయ్యి ఉన్నచోటనే ఉంది.

ఆ వ్యాసంలో నాకు బాగా నచ్చింది ఇంకొక ముక్క. జగ్లింగ్, అంటే వస్తువుల్ని వరసగా గాల్లోకి ఎగరేసి పట్టుకునే ఆట, వీడియో చూపించి, తర్వాత కొందరి చేతికి ఆ జగ్లింగ్ కర్రలు ఇచ్చారు. ఆడమనలేదు, ఊరికే పట్టుకోమన్నారు. అంతే, వాళ్ళ ధీమా తగ్గిపోయింది. ఆ బరువు, ఆ జారుడు చేతికి తెలిసేసరికి 'అమ్మో, ఇది అనుకున్నంత సులువు కాదే' అని అర్థమైంది. మన బెంచి మీద దీన్ని వాడుకోవచ్చు. వీడియో పెట్టేముందే ముక్కలు చేతికివ్వండి. ఒక ఐదు నిమిషాలు తిప్పి చూసుకోనివ్వండి, కేబుల్ తోసి చూడనివ్వండి, ఇరుక్కోనివ్వండి. తర్వాత వీడియో పెట్టండి. అప్పుడు చూసే చూపు వేరుగా ఉంటుంది. ఎక్కడ ఇరుక్కున్నాడో అక్కడ కళ్ళు పెద్దవి చేసి చూస్తాడు. ముందు వీడియో, తర్వాత పని అనే మన అలవాటును తిరగెయ్యమంటున్నా. అయితే పాడైపోయే ముక్కలిచ్చి తిరగెయ్యకండి, పాతబోర్డులివ్వండి.

ఇంటరాక్టివ్ వీడియో అంటే చాలామందికి మధ్యలో ప్రశ్నలు అడిగి, సరైన జవాబుకి పచ్చలైటు వెలిగించేది గుర్తొస్తుంది. నా దృష్టిలో అది ఆఖరి సంగతి. మొట్టమొదటి ఇంటరాక్షన్ ఏమిటంటే, ఆపడం. వెనక్కి తిప్పడం. నెమ్మది చెయ్యడం. జర్మనీలో స్టెఫాన్ ష్వాన్, రోలాండ్ రీంప్ 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఓడల మీద వేసే తాడుముడులు నేర్పించారు, కొన్ని సులువైనవి, కొన్ని చిక్కువి. కొందరికి మొదలుపెడితే చివరిదాకా నడిచే వీడియో. కొందరికి ఆపుకోవడానికి, వెనక్కి పోవడానికి, వేగం మార్చుకోవడానికి వీలున్న వీడియో. రెండో గుంపు చాలా తక్కువ సమయంలో నేర్చుకుంది. వాళ్ళకి ఎవరూ ఎక్కడ ఆపాలో చెప్పలేదు. తమంతట తామే చిక్కుచోట్ల ఆపుకున్నారు, అక్కడే వెనక్కి తిప్పుకున్నారు, సులువైన చోట్ల దాటిపోయారు.

సెమినార్ హాల్లో ప్రొజెక్టర్ రిమోట్ ఎవరి చేతిలో ఉంటుంది? మన చేతిలో. తరగతి మొత్తానికి అరవై చోట్ల చిక్కు ఉంటుంది. మనం ఆపేది ఒకచోట, అది కూడా మనకి ముఖ్యమనిపించినచోట. అందుకని పెద్దతెర వద్దు. ఇద్దరికి ఒక ఫోన్ చాలు, బెంచికి క్లిప్పు పెట్టి, రెండు చేతులూ ఖాళీగా ఉండేటట్టు. ఆపడానికి వేలు తెరమీదికి పోకూడదు, వేలికి టంకం పనిలో వాడే ఫ్లక్స్ అంటుకుని ఉంటుంది. ప్రతి మెట్టు తర్వాత వీడియో తనంతట తానే ఆగాలి. పక్కనున్నవాడు 'తర్వాతది' నొక్కాలి. రిచర్డ్ మేయర్, పాల్ చాండ్లర్ 2001లో పిడుగు ఎట్లా పుడుతుందో చెప్పే ఒక చిన్న యానిమేషన్‌ని ముక్కలు చేసి, ప్రతి ముక్క తర్వాత చూసేవాడే బటన్ నొక్కేటట్టు పెట్టారు. అదే యానిమేషన్‌ని ఏకబిగిన చూసినవాళ్ళకంటే, అట్లా నొక్కి చూసినవాళ్ళు తర్వాత అడిగిన కొత్త ప్రశ్నలకి బాగా జవాబు చెప్పారు. సమాచారం ఒక్కటే. తీసుకునే వేగం వాళ్ళ చేతిలో ఉంది, అంతే తేడా.

ఇది మనకి కొత్తేం కాదు, కొండమీద ధర్మగిరి వేద పాఠశాల ఉందిగదా. అక్కడ సంత, అంటే వేదం వల్లె వేయించే పాఠం, ఎట్లా చెప్తారో చూసినవాళ్ళున్నారా? గురువుగారు చిన్న ముక్క ఒకసారి చెప్తారు. పిల్లలు వెంటనే రెండుసార్లు అంటారు. తర్వాతే ఇంకో ముక్క. పన్నం (పాఠంలో ఒక భాగం) మొత్తం ముందు వినిపించి, "రేపు వచ్చి అప్పజెప్పండి" అనరు. ఇంకోటి గమనించండి, పిల్లలు అంటున్నంతసేపూ గురువుగారి నోరు ఆగి ఉంటుంది, చెవులు పనిచేస్తూ ఉంటాయి. స్వరం తప్పిందెవరిదో ఆయనకి అప్పుడే తెలుస్తుంది.

కెమెరా ఎక్కడ పెట్టాలన్నది చాలామంది పట్టించుకోరు. మనవాళ్ళు తీసిన శిక్షణ వీడియోలు కొన్ని చూశా. మొదట డ్రోన్ షాట్లో కాలేజీ భవనం. తర్వాత లోగో గిర్రున తిరుగుతుంది. నేపథ్యంలో వీణ. తర్వాత యాజమాన్యంవారి సందేశం. ఆ తర్వాత ఇన్‌స్ట్రక్టర్ బల్ల అవతల నిలబడి, మన వైపు తిరిగి బోర్డు పట్టుకుంటాడు. (నవ్వులు) నవ్వకండి, అసలు నష్టం ఆ ఆఖరిదే. ఆయన కుడి మనకి ఎడమ. పైభాగం మనకి కింద. నేర్చుకునేవాడు ప్రతి కదలికనీ బుర్రలో తిరగేసుకోవాలి. 2017లో లోగన్ ఫియొరెల్లా, తమారా వాన్ గోగ్ బృందం ఒక సర్క్యూట్ బిగించే పనిమీద ఇదే పరీక్షించారు. ఎదుటినుంచి తీసిన వీడియో చూసినవాళ్ళకంటే, చేసేవాడి కళ్ళవైపు నుంచి తీసినది చూసినవాళ్ళు బాగా బిగించారు. ఖర్చేం లేదు. ఫోన్‌ని చేసేవాడి భుజం పైనుంచి కిందికి వంచి పెట్టండి. తలకాయ అడ్డం రాకుండా చూసుకోండి. ముఖం అవసరం లేదు, వీణ అస్సలు అవసరం లేదు.

శబ్దం గురించి ఒక్కమాట. షెడ్డులో కంప్రెసర్ మోగుతా ఉంటే మాటలు వినబడవు. పైగా శ్రీసిటీ వైపు తమిళం మాట్లాడే పిల్లలు కూడా వస్తారు. మాట లేకపోయినా అర్థమయ్యేటట్టు తీసి, అవసరమైనచోట రెండు ముక్కలు రాయండి: 'ఫ్లాప్ లేపు', 'నేరుగా తొయ్', 'ఫ్లాప్ దించు'.

ఇప్పుడు నేర్పేవాడి సంగతికి వస్తా. రెండో ప్రపంచయుద్ధం సమయంలో అమెరికాలో మగవాళ్ళు సైన్యానికి పోయారు, ఫ్యాక్టరీ మొహం చూడనివాళ్ళు లక్షల్లో పనిలోకి వచ్చారు. వాళ్ళకి తొందరగా నేర్పడానికి 1940లో ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ అనే కార్యక్రమం మొదలుపెట్టి, 1945 దాకా నడిపారు. తర్వాత అదే జపాన్‌కి పోయింది, టొయోటాలో పని నేర్పే పద్ధతికి మూలం అదే. అందులో నాలుగు మెట్లు: మనిషిని సిద్ధం చెయ్యి, పని చూపించు, వాడిచేత చేయించు, తర్వాత వెళ్ళి చూసుకో. వాళ్ళ కార్డు మీద ఒక వాక్యం ఉండేది, పనివాడు నేర్చుకోలేదంటే నేర్పేవాడు నేర్పలేదు అని. మన స్టాఫ్ రూముల్లో గోడకి అతికించాలంటే ధైర్యం కావాలి.

ఈ నాలుగిట్లో రెండోదే వీడియో చెయ్యగలిగేది. మిగతా మూడూ మనిషి పనే. అయినా మన దగ్గర జరిగేదేమిటి? మనం రెండో మెట్టు మీదనే మన సమయమంతా పోస్తాం. చూపిస్తాం, మళ్ళీ చూపిస్తాం, గొంతు పోయేదాకా చెప్తాం. మూడో మెట్టుకొచ్చేసరికి బెల్ కొడతారు. చూపించే పని వీడియోకి అప్పజెప్పేస్తే మూడో మెట్టు మీద మీరు నిలబడొచ్చు.

అక్కడ నిలబడి ఏం చూడాలి? అందరూ కుడిచేతిని చూస్తారు, స్క్రూడ్రైవర్ అందులో ఉంది కాబట్టి. ఎడమచేతిని చూడండి. కొత్తవాడి ఎడమచెయ్యి బోర్డుని గట్టిగా నొక్కి పట్టుకుని ఉంటుంది, లేదా ఏం చెయ్యాలో తెలీక గాల్లో ఉంటుంది. పని వచ్చినవాడి ఎడమచెయ్యి తర్వాతి స్క్రూ దగ్గరికి ముందే పోయి ఉంటుంది. డ్రైవర్ నిటారుగా ఉందా, పక్కకి ఒరిగిందా? ఒరిగితే స్క్రూ మర తప్పుతుంది. నాలుగు స్క్రూల్ని ముందు వదులుగా పట్టించి, ఆ తర్వాత ఎదురెదురు మూలల వరసలో బిగిస్తున్నాడా? ఒక వైపు నుంచి వరసగా బిగించుకుంటూ పోతే బోర్డు వంగుతుంది, ఆఖరి స్క్రూ రంధ్రానికి దొరకదు. కళ్ళు ఎక్కడున్నాయి? లాక్ దించాక మళ్ళీ ఒకసారి కేబుల్ వైపు చూస్తున్నాడా, లేక చేతులే పని చేసేసి ముందుకు పోతున్నాయా? ఇవేవీ వీడియో చూడలేదు. కనీసం ఇవాళ్టికి, మన షెడ్డులో, చూడలేదు.

ఇంకో మాట. తప్పు కనబడగానే దూకకండి. ఆ తప్పు ఫలితం వాడికి కనబడనివ్వండి. ఆఖరి స్క్రూ రంధ్రానికి దొరకనప్పుడు, "ఎందుకు దొరకలేదంటావ్?" అని అడగండి. వాడే చెప్తాడు. చెప్పలేకపోతే వీడియోని ఆ చోటుకి వెనక్కి తిప్పమనండి. వెతుక్కున్న జవాబు చేతిలో నిలుస్తుంది. కరెంటు, వేడి, పదును ఉన్నచోట మాత్రం ఈ ఓపిక వద్దు, అక్కడ వెంటనే చెయ్యి పట్టుకోండి. 350 డిగ్రీల సోల్డరింగ్ ఐరన్ దగ్గర ప్రయోగాలు పనికిరావు.

ఫ్యాక్టరీల నుంచి వచ్చినవాళ్ళున్నారు కాబట్టి ఒకటి స్పష్టంగా చెప్పాలి. మీ లైన్ల మీద ప్రతి స్టేషన్ పైన ఒక తెర ఉంది. టార్క్ డ్రైవర్ దానికి కలిపి ఉంటుంది. నాలుగు స్క్రూలకి నాలుగు ఓకేలు వస్తేనే తర్వాతి మెట్టు కనబడుతుంది. మంచి ఏర్పాటు. షిగెయో షింగో పోకా-యోకే అని జపాన్‌లో పాదుకొల్పిన ఆలోచన ఇది, తప్పు జరగడానికి వీల్లేకుండా చెయ్యడం. కానీ తప్పు జరగనివ్వని తెర వేరు, నేర్పే తెర వేరు. మొదటిది పనివాడి బదులు తాను గుర్తుపెట్టుకుంటుంది. రెండోది పనివాడు గుర్తుపెట్టుకునేటట్టు చెయ్యాలి. ఒకదాన్ని ఇంకోదానికి వాడితే ఇబ్బంది. నాకు తెలిసిన ఒక లైన్లో తెర రెండు గంటలు పోయింది. నెలల తరబడి అదే స్టేషన్‌లో చేస్తున్న అమ్మాయిలు వరస గుర్తురాక నిలబడిపోయారు. వాళ్ళ తప్పేం లేదు. వాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన అవసరాన్ని ఆ తెర ఎప్పుడూ రానివ్వలేదు.

అందుకని, నేర్పే చోట వీడియోని తియ్యడం కూడా ఒక మెట్టుగా పెట్టుకోవాలి. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పిక్ చేసిన ప్రయోగం చదువుకి సంబంధించినది. పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో బాగా చేశారు. చదివి, పుస్తకం మూసి గుర్తుతెచ్చుకున్నవాళ్ళు వారం తర్వాత బాగా చేశారు. బెంచి మీద నేను చూసినదీ అదే తీరు. మరునాడు వచ్చీ రాగానే వీడియో పెట్టకండి. "నిన్నటిది ఒకసారి చెయ్యి చూద్దాం" అనండి. తడుముకోనివ్వండి. ఆగిపోయినచోట మాత్రం వీడియో తెరవనివ్వండి, ఆ ఒక్క ముక్కే. వారం తర్వాత ఇంకోసారి. లోపం ఎక్కడుందో అప్పుడే బయటపడుతుంది, వీడియో పక్కన నడుస్తున్నప్పుడు అందరూ పనిమంతులే.

తెరా చెయ్యీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం కొత్తదనుకోకండి. 1980ల మొదట్లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కోసం డేవిడ్ హాన్ ఒక యంత్రం తయారుచేశాడు. గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కే సీపీఆర్ నేర్పడానికి. ఒక బొమ్మ మనిషి, దాని లోపల సెన్సర్లు, పక్కన కంప్యూటర్, లేజర్ డిస్క్. నువ్వు నొక్కితే, తక్కువ నొక్కావో తప్పుచోట నొక్కావో అది పసిగట్టి, తెర మీది డాక్టరు సరిదిద్దుతాడు. ఇందాక చెప్పిన మూడో రకం తెలివి ఉందే, ఎంత బలం అనేది, దానికి తెర దగ్గరైంది అక్కడే. ఎందుకంటే ఆ తెర చేతిని కొలిచింది. ఇప్పుడు డిస్ప్లే ఉన్న ఒక మామూలు టార్క్ డ్రైవర్ అదే పని చేస్తుంది. తరగతికి ఒకటి కొనండి. ముందు చేత్తో 'ఇది ఐదు' అనుకుని బిగించమనండి, తర్వాత అంకె చూపించండి. కొన్నాళ్ళకి చెయ్యి అంకెకి దగ్గరికి వస్తుంది. పిల్లలు పందెం వేసుకుని మరీ ఆడతారు, నేను అభ్యంతరం చెప్పను.

డబ్బు సంగతి అడుగుతారని తెలుసు. 1936లో టి.పి. రైట్ అనే ఇంజనీరు విమానాల తయారీ లెక్కలు చూసి ఒక సంగతి గమనించాడు. కట్టిన విమానాల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ ఒక్కో విమానానికి పట్టే సగటు శ్రమ ఐదో వంతు తగ్గుతా వచ్చింది. 100 ఉన్నది 80, తర్వాత 64, తర్వాత 51. మన టీవీ బోర్డుకీ ఇదే అంకె అని నేననను. వంపు ఆకారం మాత్రం మీరందరూ చూసిందే: మొదట గబగబా దిగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. ఒకటి నుంచి రెండుకి, రెండు నుంచి నాలుగుకి పోవడంలోనే పెద్ద లాభం ఉంది. మన దగ్గర ముప్పైమందికి ఒక కిట్టు. ఒక్కొక్కడికి ఒకసారి దక్కితే గొప్ప. అంటే ఆ వంపు మొదలయ్యే చోటనే వాణ్ణి దించేసి సర్టిఫికెట్ ఇస్తున్నాం. స్మార్ట్ బోర్డు కొనడానికి పెట్టే డబ్బుతో ముప్పై స్క్రూడ్రైవర్లు, పాత టీవీల చట్రాలు, చచ్చిన బోర్డులు వస్తాయి. రిపేరు షాపులవాళ్ళు తూకానికి అమ్మేస్తారు, వాళ్ళ దగ్గర్నుంచి తెచ్చుకోండి. విప్పడం, బిగించడం, మళ్ళీ విప్పడం. విప్పడం సులువుగా వస్తుంది కదా అని దాంతో సరిపెట్టకండి, విప్పేటప్పుడు ఎంత బిగించాలో తెలీదు.

నాకిచ్చిన సమయం అయిపోయినట్టుంది. ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: మా కాలేజీలో పిల్లల ఫోన్లు తరగతిలోకి రానివ్వరు సార్. మరి వీడియో ఎట్లా?)

మంచి నియమమే, దాన్ని తీసెయ్యమని నేను చెప్పను. వాళ్ళ ఫోన్లు వద్దు. పగిలిన తెరతో మూల పడున్న పాత ఫోన్లు స్టాఫ్ దగ్గర బోలెడుంటాయి. సిమ్ తీసేసి, ఆ నాలుగు వీడియోలే ఉంచి, బెంచికి బిగించెయ్యండి. నెట్ లేకపోతే ఇంకా మంచిది. బెంచి పనిముట్లలో అదీ ఒకటి, సాయంత్రం లెక్క చూసి బీరువాలో పెట్టేది.

(ప్రశ్న: మా బ్యాచిలో ఎడమచేతి వాటం పిల్లలు ముగ్గురున్నారు. వీడియోని అద్దంలోలాగా తిరగేసి చూపిస్తే సరిపోతుందా?)

వద్దు. ఇది చాలామంది చేస్తున్నారు, ప్రమాదం. అద్దంలాగా తిరగేస్తే చెయ్యి ఒక్కటే మారదు, బోర్డు కూడా తిరగబడుతుంది. కుడివైపు ఉండాల్సిన కనెక్టర్ ఎడమవైపు కనబడుతుంది. కెపాసిటర్ మీద నెగెటివ్ గీత, డయోడ్ మీద పట్టీ అటువైపుకి పోతాయి. వాడు వీడియో ప్రకారం పెడితే బోర్డు మీద తిరగబడి కూర్చుంటుంది. పైగా స్క్రూ బిగిసే దిక్కు కూడా తప్పు కనబడుతుంది, స్క్రూకి ఏ చేతి వాటమైనా ఒకటే గదా. ఎడమచేతి వాటం ఉన్నవాడు ఒకడు బాగా నేర్చుకున్నాక, వాడి భుజం మీదుగానే ఇంకో వీడియో తియ్యండి. పది నిమిషాల పని. ట్రేలు, స్క్రూ డబ్బా మాత్రం వాడి వైపుకి మార్చి పెట్టండి, లేకపోతే ప్రతి స్క్రూకీ చెయ్యి బోర్డు మీదుగా దాటాల్సి వస్తుంది.